గోడ మీది కళింగ కుర్రాళ్ళు

డ్రాయింగ్ టీచరుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి నేను సంపాదించిన కీర్తి ఒక్కటే. నేను గీసిన దేశనాయకుల బొమ్మల కింద పేర్లు రాయించేవారు. పేరు లేకపోతే ఎవరు ఎవరో పిల్లలకు తెలిసేది కాదు. నిజం చెప్పాలంటే కొన్నిసార్లు నాకూ తెలిసేది కాదు. కళ్ళజోడు పెడితే ఒకాయన, తలపాగా చుడితే ఇంకొకాయన, అంతే తేడా. హెడ్మాస్టరు ఒకాయన చాలా మర్యాదస్తుడు. "ముందు పేరు రాసేసి తర్వాత బొమ్మ వెయ్యండమ్మా, మధ్యలో చూసినవాళ్ళు కంగారు పడకుండా ఉంటారు" అని సలహా ఇచ్చాడు. అందుకని రిటైరయ్యాక మా ఊరి కమ్యూనిటీ హాలు గోడ మీద బొమ్మ వెయ్యమని పిలిచినప్పుడు, ఇంకెవరూ దొరక్కే నన్ను పిలిచారని వెంటనే అర్థమైంది. అయినా ఒప్పుకున్నాను. గోడ పెద్దది, రోడ్డు వైపుకి ఉంది, నాకు పొద్దున్న లేస్తే చెయ్యడానికి పనేమీ లేదు.

మా ఊరు ఆమదాలవలసకి దగ్గర. హాలు కమిటీ అధ్యక్షుడు వరసకి నాకు బావ, ధాన్యం వ్యాపారి. వడ్ల గింజ పంటి కింద వేసి నొక్కి తేమ ఎంతుందో చెప్పేస్తాడు. ఆ ఒక్క పన్నుతో చరిత్ర, సంగీతం, చిత్రకళ అన్నీ చెప్పెయ్యొచ్చని ఆయన నమ్మకం.

"మనది కళింగ గడ్డ. గోడ నిండా కళింగ యుద్ధం ఉండాల" అన్నాడు.

"యుద్ధంలో ఎవర్ని వెయ్యమంటావు బావా?"

"ఎవుల్నేటి, చక్రవర్తిని. తెల్ల గుర్రం, సేతిలో కత్తి, ఎనకాల సూర్యుడు. ఫొటోలు దిగడానికి బాగుంటాది."

"ఆయన మగధ నుంచి మన మీదికి దండెత్తి వచ్చినవాడు. మనవాళ్ళని చంపినవాడు."

"సంపితే సంపాడు. తరవాత మారిపోనాడు కదా."

ఇందులో బావ తప్పేమీ లేదు. మేం బడిలో నేర్పిందే అది. సోషల్ పరీక్షలో ఏటేటా ఒక ప్రశ్న వచ్చేది, చక్రవర్తి మనసు ఎందుకు మారింది అని. పిల్లలు నాలుగు వాక్యాల జవాబు బట్టీ పట్టి రాసేవారు. యుద్ధభూమిలో శవాలను చూశాడు, బాధపడ్డాడు, మారాడు, ధర్మం బోధించాడు. పరీక్ష హాల్లో కాపలా తిరుగుతూ ఆ జవాబు కొన్ని వందలసార్లు చదివి ఉంటాను. ఆ శవాల గురించి ఒక్క ప్రశ్న కూడా ఎప్పుడూ రాలేదు. పాపం, ఒక పెద్దమనిషి మంచివాడు కావడానికి వాళ్ళు సాయపడ్డారు, అంతే. అంతకన్నా వాళ్ళకి పనేముంది?

ఒకసారి పిల్లలను రామతీర్థం తీసుకెళ్ళాం. కొండ మీద బౌద్ధుల కాలం నాటి ఇటుకలు చూపించి, ఇదంతా చక్రవర్తి మారినందువల్ల వచ్చిన వైభవమని మా సోషల్ మాస్టారు గర్వంగా చెప్పాడు. అప్పుడే ఎచ్చెర్ల వైపు నుంచి వచ్చిన చరిత్ర లెక్చరరు ఒకాయన మా పక్కన నిలబడి వింటున్నాడు. ఆయన నెమ్మదిగా ఒక మాట అన్నాడు. చక్రవర్తి తన పశ్చాత్తాపాన్ని దేశమంతా రాళ్ళ మీద చెక్కించాడట. కళింగలో మాత్రం ఆ ఒక్క శాసనం పెట్టించకుండా వదిలేశాడట. నాకు ఒళ్ళు మండిపోయింది. చావు జరిగిన ఇంటికి వచ్చి పలకరించే మొహం లేక, మిగతా ఊరంతా తిరిగి "నాకెంత బాధగా ఉందో" అని చెప్పుకున్నట్టుంది ఆయన వ్యవహారం.

ఆ మంట నాలో ఎన్నో ఏళ్ళు ఉండిపోయింది. గోడ దొరికాక బయటికొచ్చింది. చక్రవర్తిని వేస్తానని బావకి మాట ఇచ్చాను, మాట నిలబెట్టుకున్నాను కూడా. పై మూల, దూరంగా, గుర్రంతో సహా అరచేతిలో పట్టేంత వేశాను. మిగతా గోడంతా పొలం. పొలం నిండా పడిపోయిన కుర్రాళ్ళు.

కుర్రాళ్ళ మొహాలు ఊహించి గీస్తే మళ్ళీ అందరూ ఒక్కలాగే వస్తారని నాకు తెలుసు. అందుకని మనుషులను కూర్చోబెట్టి గీద్దామనుకున్నాను. మా ఊళ్ళో దానికి కొరత లేదు. తెల్లవారేసరికి ఊళ్ళో కుర్రాళ్ళందరూ ఆమదాలవలస రోడ్డు మీద పరుగులు పెడుతుంటారు, ఆర్మీ సెలెక్షన్ల కోసం. ఊళ్ళో పది ఇళ్ళకి ఒక జవాను ఉంటాడు. మిగతా తొమ్మిది ఇళ్ళలో జవాను కాబోయేవాడు ఉంటాడు. ఒక ఉదయం రోడ్డు మధ్యన నిలబడి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఒరే, గోడ మీద కళింగ సైనికుల బొమ్మలెయ్యాలి. ఎవరొస్తారు?"

అందరూ వస్తామన్నారు. పది మందిని ఏరుకున్నాను. కోత అయిపోయిన మడిలోకి తీసుకెళ్ళి, చచ్చిపోయినట్టు పడుకోమన్నాను. పరుగు తప్ప ఇంకేదీ సీరియస్‌గా తీసుకోని వయసు కదా, ఆ చావుకి వాళ్ళు చాలా ఉత్సాహంగా సిద్ధమయ్యారు.

"టీచరమ్మా, బాణం నాకు గుండె మీదెట్టండి. ఈపుకెడితే పారిపోయినట్టుంటాది" అన్నాడొకడు.

"నాకు మీసం ఎయ్యండి. ఉప్పుడు లేదు గానీ వస్తాది" అన్నాడు ఇంకొకడు.

ఇంకొకడికి చీమలు కుట్టి రెండు నిమిషాలకొకసారి బతికి లేచేవాడు. వరి మోళ్ళు గుచ్చుకుంటున్నాయని అందరూ గోల. చచ్చినవాళ్ళు మాట్లాడరని కేకలేస్తే కళ్ళు మూసుకుని నవ్వేవారు. ఆ నవ్వును పెదాల మీదనుంచి తీసేసి గీయడానికి నాకు చాలా కష్టమైంది. పది మంది మొహాలూ వారం పాటు పుస్తకంలో స్కెచ్చులు గీసుకుని, ఆపైన గోడ ఎక్కాను.

ఈసారి పోలిక వచ్చింది. ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. ముప్పై ఏళ్ళు దేశనాయకులు ఇవ్వని పోలికను ఈ కుర్రాళ్ళు ఇచ్చారు. బడికెళ్ళే పిల్లలు గోడ ముందు ఆగి, ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపించి, ఎవరెవరో చెప్పుకునేవారు. ఒక్కడి కింద కూడా పేరు రాయలేదు. నా కాలు నేల మీద నిలవలేదు. ఆ హెడ్మాస్టరు గారు ఎక్కడున్నా సరే ఆటోలో తెచ్చి ఈ గోడ ముందు దింపాలనిపించింది.

ఆ గర్వం తొమ్మిదో రోజున దిగింది. నిచ్చెన మీద ఉండగా కింద ఒకావిడ వచ్చి నిలబడింది. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషి. భర్త లేడు, ఒక్కడే కొడుకు.

"టీచరమ్మా, ఈడు మా గుంటడే గదా?"

"అవునే. పోలిక వచ్చిందా?" అని అడిగాను, పొగడ్త కోసం మొహం సిద్ధం చేసుకుని.

"వచ్చింది. అందుకే వచ్చాను. కళ్ళెందుకు మూసీసినావు?"

"యుద్ధంలో పోయాడు కదా" అన్నాను.

అన్నాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు చెప్పింది, వాడు సెలెక్టయ్యాడని, ఇరవై రోజుల్లో ఆమదాలవలసలో రైలెక్కి ట్రైనింగుకి వెళ్తున్నాడని.

"కళ్ళు తెరిసీ తల్లీ. ఆడు రైలెక్కే లోపల."

నేను కళాకారిణిని కదా. పైగా జీవితంలో మొదటిసారి అయ్యాను, ఇంకా కొత్త. ఆవిడకి కళ గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఇది నీ కొడుకు కాదు, కళింగ సైనికుడు, మొహం మాత్రమే అరువు తెచ్చుకున్నానన్నాను. కళ్ళు తెరిస్తే శవం ఎలా అవుతుంది, శవం కాకపోతే యుద్ధం ఎలా అవుతుంది, యుద్ధం లేకపోతే దుఃఖం ఎలా తెలుస్తుంది అని అడిగాను. ఆవిడ అంతా శ్రద్ధగా విని, "దుక్కం నాకు తెలుసు గదా. కళ్ళు తెరిసీ" అంది.

కమిటీ కూడా రంగంలోకి దిగింది. బావ వచ్చి ఆవిడకి ధైర్యం చెప్పాడు. "కలలో సచ్చిపోయినట్టు కనిపిస్తే ఆయుస్సు పెరుగుతాదంటారు గదే. గోడ మీదైనా అంతే. మీ వోడికి ఉప్పుడు నూరేళ్ళు" అన్నాడు.

"అయితే మీ అబ్బాయి బొమ్మ ఎయ్యించండి బాబూ, మా వోడి పక్కన" అంది ఆవిడ.

బావకి అప్పుడే ధాన్యం లారీ ఏదో గుర్తుకొచ్చి వెళ్ళిపోయాడు.

మర్నాడు గోడ దగ్గరికెళ్ళేసరికి ఆ కుర్రాడి బుగ్గ మీద కాటుకతో దిష్టిచుక్క పెట్టి ఉంది. చంటిపిల్లలకు పెట్టినట్టు, గుండ్రంగా. కళింగ సైనికుడికి దిష్టిచుక్కేమిటని తుడిచి మళ్ళీ రంగు వేశాను. మరుసటి రోజు మళ్ళీ ఉంది. మళ్ళీ తుడిచాను. నాలుగు రోజులు ఇదే పని. ఆవిడ నాతో గొడవ పెట్టుకోలేదు, తిట్టలేదు, పెద్దల్లో పెట్టలేదు. పొద్దున్నే బడికి వెళ్తూ గోడ దగ్గర ఆగి, చుక్క పెట్టి, వంటకి పోయేది. చచ్చినవాడికి ఎవరూ దిష్టిచుక్క పెట్టరు. ఆవిడ తన వాదన అంతా ఆ చుక్కలో చెప్పేసింది. నేను మాత్రం బ్రష్షుతో జవాబులిస్తూ నిలబడ్డాను. నా మొండితనం గురించి ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. అప్పుడు మాత్రం అది సూత్రబద్ధత అనుకున్నాను.

అయిదో రోజున ఆ కుర్రాడే వచ్చాడు. నిచ్చెన కింద తలవంచుకుని నిలబడ్డాడు.

"టీచరమ్మా, అమ్మ అన్నం తినడం మానీసింది. నాకు బొమ్మతో ఏటీ ఇబ్బంది లేదు, బాగున్నాను. కానీ ఆవిడ తింటం లేదు. నాను ఎలిపోయాక కూడా తినకపోతే ఎలాగ?"

వాడు మడిలో పడుకున్నప్పుడు బాణం గుండె మీద పెట్టమని అడిగినవాడు. అంత ధైర్యస్తుడు ఇంత చిన్న మాట చెప్పడానికి చెమటలు కక్కుతున్నాడు. రేపు తెరుస్తాను వెళ్ళమన్నాను.

రేపు అంటే అంత తేలికగా కుదరలేదు. అమ్మవారి బొమ్మకి కుమ్మరి కళ్ళు దిద్దేటప్పుడు తలంటుకుని, ఏమీ తినకుండా, మంచి ఘడియలో దిద్దుతాడు. కళ్ళు పడితేనే బొమ్మకి ప్రాణం వస్తుందని మావాళ్ళ లెక్క. నాకూ అదే రూలని ఆవిడ తేల్చింది. నేను చల్లటి నీళ్ళతో తలంటుకుని, కాఫీ కూడా తాగకుండా, ఆవిడ నైవేద్యానికి పేర్చిన అరటిపళ్ళ మధ్యన నిచ్చెనెక్కాను. ఆవిడ కింద కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. కనురెప్పలు చెరిపి, తెల్ల రంగు వేసి, చివర నల్లగుడ్డు పెట్టాను. ఆవిడ కాయ కొట్టింది. ఇంటికెళ్ళి అన్నం తింది. నా మహత్తర యుద్ధచిత్రంలో ఒక శవం గుండెలో బాణంతో, కళ్ళు తెరిచి, రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇక ఊరు ఊరుకుంటుందా? మర్నాడు రెండో తల్లి వచ్చింది. "ఆవిడ కొడుక్కే ఉంటాయేటి కళ్ళు?" అంది. న్యాయమే. తరవాత ముగ్గురు కలిసి వచ్చారు. ఒక కుర్రాడి నాయనమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, "కొంచెం పెద్దగా తెరుమీ, ఆడివి మా ఆయన కళ్ళు" అంది. వారం రోజులు రోజూ తలంటు, ఉపవాసం, కొబ్బరికాయ. నాకు జలుబు చేసింది, కమిటీకి చట్నీకి లోటు లేకుండా పోయింది. పది మందీ కళ్ళు తెరిచారు. ముప్పై ఏళ్ళకి ఒక మంచి బొమ్మ వేస్తే, దాన్ని నా చేత్తోనే పాడు చేసుకున్నానని ఇంట్లో కూర్చుని ఏడ్చాను.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ముఖ్య అతిథి ఒక పెద్ద నాయకుడు. శౌర్యం గురించి, త్యాగం గురించి, కుర్రాళ్ళు దేనికైనా సిద్ధంగా ఉండాలని చాలాసేపు మాట్లాడాడు. తన పిల్లలు దేనికి సిద్ధంగా ఉన్నారో చెప్పలేదు. గుడ్డ తీశాక గోడ వైపు తిరిగి ఒక్కసారిగా ఆగిపోయాడు. మడి నిండా పడి ఉన్న కుర్రాళ్ళు, ఒంటి నిండా గాయాలు, పది మంది కళ్ళూ తెరిచే ఉన్నాయి. ఎక్కడ నిలబడితే అక్కడికి చూస్తున్నారు. ఆయన ఎడమ పక్కకి జరిగాడు, కుడి పక్కకి జరిగాడు, గోడకి వీపు పెట్టి ఫొటో దిగబోయి మానేశాడు.

"ఇదేటి, అందరూ నన్నే సూస్తన్నారు?" అన్నాడు బావతో, నవ్వబోయి.

బావ ఆయనకి చక్రవర్తిని చూపిద్దామని పై మూల వెతికాడు. చక్రవర్తి ఉన్నచోట షామియానా తాడు కట్టారు, గుర్రం తోక మాత్రం కనిపించింది. ఫొటోలు హాలు లోపల దిగారు. నేను పాడు చేశాననుకున్న బొమ్మ నేను వేసిన దానికన్నా బాగుందని అప్పుడు నాకు తెలిసింది. దుఃఖం గురించి వంటావిడకి ఉపన్యాసం ఇచ్చిన నా తెలివికి నేనే దణ్ణం పెట్టుకున్నాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం, అడుగున పచ్చిక రంగు సరిచేస్తుంటే ఆవిడ వచ్చింది. కొడుకుని ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కించి తిన్నగా ఇక్కడికే వచ్చిందట. మొహం పీక్కుపోయి ఉంది. నేను గోడ వైపు తిరిగి పని చేసుకున్నాను. ఆవిడ కొడుకు బొమ్మ ముందు నిలబడలేదు. గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కొక్కరినీ చూసుకుంటూ వెళ్ళి, చివర్న ఆగింది.

"ఈడి కళ్ళు తెరవలేదేటి?"

అక్కడ, మడి గట్టు మీద, పదకొండోవాడు ఒకడున్నాడు. ఆ మూల ఖాళీగా ఉంటే నిండుతుందని నేను సొంతంగా కల్పించి వేసినవాడు. బోర్లా పడి, మొహం ఇటు తిప్పి ఉంటాడు.

"వాడి కోసం ఎవరూ రాలేదు" అన్నాను.

"ఎవులి గుంటడు?"

"ఎవరి పిల్లాడూ కాదే. మన ఊరివాడు కాదు. నేను ఊహించి వేశాను. అప్పట్లో నిజంగా చచ్చిపోయిన కుర్రాళ్ళలో ఒకడనుకో." అంతటితో ఆగొచ్చు. నా నోరు ఆగదు కదా. "మీరందరూ కలిసి పదిమందిని బతికించేశారు. యుద్ధం జరిగిందని చెప్పడానికి నాకు ఒక్క శవాన్నైనా ఉంచండి" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. వాడి మొహం వైపే చూస్తోంది.

"నిజంగా సచ్చిపోయిన వోడంటే, ఈడికీ ఒక తల్లి ఉండే ఉంటాది గదా."

"ఉండే ఉంటుంది. రెండు వేల ఏళ్ళ పైమాట."

"అందుకే ఆవిడ రాలేకపోయింది. నాను అడుగుతన్నాను. తెరు."

"తెరిస్తే ఏమొస్తుందే? వీడు నిజంగానే పోయాడు."

"మా వోడికి తెరిస్తే మాత్రం ఏటొచ్చింది?" అంది ఆవిడ. "ఆడు ఎలిపోయాడు. ఏటి సేస్తారో, ఎక్కడికి పంపుతారో నాకేటి తెలుసు? తెరిసినావని ఒక ముద్ద తిన్నాను. ఈడి తల్లి తిందో లేదో."

బ్రష్షు కడిగి నల్లరంగు అందుకున్నాను. తలంటుకోలేదు, పొద్దున్న ఇడ్లీలు తిన్నాను, ఘడియ ఏమిటో తెలీదు. ఆవిడ అవేవీ అడగలేదు. నిచ్చెన అవసరం కూడా రాలేదు, వాడు గోడ అడుగునే పడి ఉన్నాడు కాబట్టి నేల మీద కూర్చున్నాను. ఒక కన్ను మట్టిలో ఉంది, రెండోదే దిద్దాలి. దిద్దుతున్నంతసేపూ కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఇన్నేళ్ళు ఆ చక్రవర్తి మీద కోపం పెట్టుకున్నాను గానీ, చచ్చిపోయినవాళ్ళ కోసం నేను ఏడవడం అదే మొదటిసారి.

ఆవిడ కూడా నా పక్కన చతికిలబడింది. తెరుచుకున్న ఆ ఒక్క కన్నులోకి చాలాసేపు చూసింది.

"ఈడి పేరేటి?" అంది.

"పేరేమీ లేదే" అన్నాను.

"ఉంటాది" అంది ఆవిడ. "మనకి తెలీదంతే."